లేడన్న మాట

ఆ ఒడ్డున నీళ్ళలోకి దిగడం నేర్చుకున్నవాళ్ళందరికీ ఆమె టీచరమ్మ. మెడలో వేలాడే ఈల, ఎండకు కమిలిన ముక్కు, ఎంత పెద్దమనిషినైనా "ఏం, వినబడలేదా?" అని గద్దించే గొంతు, ఇవీ ఆమె ఆనవాళ్ళు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం కరుచుకుని, సముద్రం అడుగున చేపల మధ్య తిరిగి క్షేమంగా ఒడ్డెక్కడం ఆమె నేర్పే విద్య. ఆమెకు పడవ లేదు, పడవ కావాలన్న కోరికా లేదు. కొట్టు తలుపు తీస్తే రోడ్డు, రోడ్డు దాటితే రాళ్ళు, రాళ్ళ మధ్య సిమెంటు మెట్లు, మెట్ల పక్కన తుప్పుపట్టిన ఇనప కమ్మీ. ఆ కమ్మీ పట్టుకుని దిగితే నాలుగో మెట్టుకల్లా నడుంలోతు నీళ్ళు.

కొట్టు ఇంటిల్లిపాదీ కలిసి నడిపేది. సిలిండర్లలో గాలి నింపేదీ, గొట్టాలు విప్పి కడిగి మళ్ళీ బిగించేదీ ఆమె భర్త. బాగా ఈదుతాడు గానీ చిన్నప్పటినుంచీ ఉబ్బసం. సిలిండరుతో కిందికి దిగడానికి ఏ డాక్టరూ ఒప్పుకోలేదు. సముద్రం పక్కనే పుట్టి పెరిగినవాడు, నీళ్ళ కింద ఏముందో పెళ్ళాం నోటా తమ్ముడి నోటా వినవలసిందే. అత్తగారు వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని చిరిగిన రబ్బరు సూట్లకు అతుకులు వేసేది. ఆవిడ చేతి అతుకు వేసిన చోట మళ్ళీ చిరగదని పేరు.

ఇక పొట్టోడు. భర్తకు తమ్ముడు, పదేళ్ళు చిన్న. చిన్నతనంలో ఎదగడం లేదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు అది. ఆ పేరుమీద కక్ష కట్టినట్టు తర్వాత ఏపుగా పెరిగి, గుమ్మం గుమ్మానికీ తల కొట్టుకునేంతవాడయ్యాడు. పేరు మాత్రం పోలేదు. ఏ సూటు తొడిగినా మణికట్టు దగ్గర బెత్తెడు చెయ్యి బయటే ఉండేది. తల్లి నీలం రబ్బరు ముక్కలు కత్తిరించి రెండు చేతులకూ అతుకు వేసింది. "పొట్టిదైపోయిన స్కూలు చొక్కాకి బట్ట కలిపినట్టుందమ్మా" అని వెక్కిరిస్తూనే అదే వేసుకు తిరిగేవాడు.

టీచరమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడింకా బడికి వెళుతున్నాడు. అన్నకు కుదరని విద్య వదిన దగ్గర నేర్చుకున్నాడు. మొదటిసారి కిందికి తీసుకెళ్ళినప్పుడు భయంతో ఆమె చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, పైకొచ్చాక వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి కనిపించాయి. అది చూసి వాడే బిక్కమొహం వేశాడు. ఇప్పుడు ఆమె తర్వాత ఆమె అంతటివాడు.

ఆ వారం వాయుగుండం పడింది. బయట ఎండ కాస్తూనే ఉంది, గాలి ఊసే లేదు. కానీ నీళ్ళలో తేడా వచ్చేసింది. అలలు పొడుగ్గా, నెమ్మదిగా, వెనక ఎవరో తోస్తున్నట్టు వస్తున్నాయి. అలవాటున్నవాళ్ళకు ఆకాశం కంటే ముందు అలే చెబుతుంది.

మెట్ల దగ్గర్నుంచి సముద్రం అడుగున రాళ్ళ వెంబడి ఒక తాడు కట్టి ఉండేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళి, దాన్ని పట్టుకునే వెనక్కి వచ్చేవారు. తాడుకు అక్కడక్కడ ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు తేలుతుండేవి. తాడు ముగిసే చోట పెద్ద బండరాయి, దాని నడుముకు అడ్డంగా ఒక పగులు. చేపలు అందులోంచి తొంగిచూస్తాయని పిల్లలు దానికి పోస్టుబాక్సని పేరు పెట్టారు. తుఫాను వచ్చేలోగా ఆ తాడు తీసుకురాకపోతే ముక్కముక్కలై కొట్టుకుపోతుంది. దానిమీద ప్రతి ముడీ ఆమె భర్త చేత్తో వేసింది.

"ఇవాళ తీసేద్దాం వదినా," అన్నాడు పొట్టోడు సాయంత్రం కొట్లో.

టీచరమ్మ తలమీద తువ్వాలు కప్పుకుని ఆవిరి పడుతోంది. జలుబు చేస్తే నీళ్ళలోకి దిగకూడదు. కిందికి పోయేకొద్దీ నీటి బరువు చెవుల మీద పడుతుంది. ముక్కు మూసి ఊదితే చెవులు తెరుచుకుని ఆ బరువును సర్దుకుంటాయి. జలుబులో అవి తెరుచుకోవు.

"నా ముక్కు చూశావా, ఎలా ఉందో?"

"కట్టెయ్యడం మర్చిపోయిన కుళాయిలా ఉంది."

"రేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే పళ్ళ డాక్టరుగారికి ఫోను చేస్తా, మీరిద్దరూ దిగుదురుగాని. నువ్వొక్కడివే దిగావో, కాళ్ళు విరగ్గొడతా."

"విరగ్గొట్టు. నీళ్ళలో నడిచే పనుందా ఏంటి, ఈదుకుంటా."

వెనక గదిలోంచి అత్తగారు నవ్వడం వినిపించింది. అది ఆ కొట్లో వినిపించిన ఆఖరి నవ్వు.

పొద్దున్నే టీచరమ్మ వచ్చేసరికి కొట్టు షట్టరు సగం లేచి ఉంది. గోడకు ఆనించిన సిలిండర్లలో ఒకటి తక్కువ. పొట్టోడి సూటు వేలాడే కొక్కెం ఖాళీ. రోడ్డుకు అవతల, పై మెట్టు మీద వాడి చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి, గుడి బయట విడిచినంత బుద్ధిగా.

ఆమె ఈల ఊదింది. అలా ఊదుతూనే ఉంది. సిలిండరులో గాలి ఎంతసేపు వస్తుందో ఆమెకు తెలుసు. చెప్పులు చేత్తో ముట్టుకుని చూసింది. రాత్రి మంచుకు తడిసి, ఎండకు అప్పుడే ఆరిపోయి ఉన్నాయి. అంటే ఎండ రాకముందే విడిచినవి. లెక్క వేసుకోవలసిన అవసరం లేదు. అయినా ఈల ఆపలేదు. ఆ చప్పుడుకు భర్త పరుగెత్తుకొచ్చాడు, వెనకాల అత్తగారు.

తీరరక్షక దళం పడవ వచ్చింది. మధ్యాహ్నందాకా నీళ్ళమీద అటూ ఇటూ తిరిగింది. ఇద్దరు గజ ఈతగాళ్ళు దిగారు గానీ అడుగంతా బురద రేగి ఏమీ కనిపించడం లేదన్నారు. అలలు పెరిగాయి. పడవ రాళ్ళ దగ్గరికి రాలేకపోయింది.

"ఇక మావల్ల కాదమ్మా," అన్నాడు పడవ ఆఫీసరు మెట్ల మీద నిలబడి. చిన్నవాడే, కళ్ళెత్తి చూడలేకపోయాడు. "తుఫాను దాటాక మళ్ళీ వస్తాం."

భర్త తిన్నగా కొట్లోకి వెళ్ళి ఒక సిలిండరు వీపుకు కట్టుకుని వచ్చాడు. అప్పటికే పిల్లికూతలు వినిపించేంతగా రొప్పుతున్నాడు. పడవ వాళ్ళు ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టవలసి వచ్చింది. "వదలండి, వాడు నా తమ్ముడు," అంటున్నాడు. అరవడం లేదు. మామూలుగా, నచ్చజెబుతున్నట్టు అంటున్నాడు. దానికే టీచరమ్మకు ఎక్కువ భయం వేసింది.

"మీరు కూర్చోండి. నేను వెళతాను," అంది.

ఆమెకు తోడు వచ్చింది పళ్ళ డాక్టరు. ఆ వీధి మలుపులో క్లినిక్కు. ఆమె దగ్గరే నేర్చుకుని ఏళ్ళ తరబడి ఆమెతోనే దిగుతున్నాడు. కబురు తెలియగానే కుర్చీలో ఉన్న మనిషి నోట్లో దూది పెట్టి వచ్చేశాడు.

"మీ జలుబు?" అన్నాడు సూటు తొడుక్కుంటూ.

"తగ్గింది."

అతను ఆమె గొంతు విన్నాడు. తగ్గలేదని తెలిసింది. అయినా సూటు జిప్పు పైకి లాగాడు.

అత్తగారు పై మెట్టు మీద, ఆ చెప్పుల పక్కనే కూర్చుని ఉంది. కోడలు దిగుతుంటే ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "తీసుకురా అమ్మా," అంది. ఏదో పక్కింటికి వెళ్ళినవాణ్ణి పిలుచుకు రమ్మన్నట్టు.

అల వెనక్కి వెళ్ళినప్పుడు ఇద్దరూ కమ్మీ వదిలి మునిగారు.

నీళ్ళు ఎంత మసగ్గా ఉన్నాయంటే చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు. ఒకరికొకరు తప్పిపోకుండా నడుములకు సన్నని తాడు కట్టుకున్నారు. మూడుసార్లు లాగితే వెనక్కి వచ్చెయ్యమని. అడుగున పరిచిన పెద్ద తాడు పట్టుకుని ఆమె ముందు, డాక్టరు వెనక. కాస్త లోతుకు పోగానే చెవులు పట్టేశాయి. ముక్కు మూసి ఊదింది. కుడి చెవి తెరుచుకుంది. ఎడమది తెరుచుకోలేదు. కొంచెం పైకి లేచి మళ్ళీ ఊదింది. లాభం లేదు. చెవిలో ఎవరో మేకు పెట్టి నెమ్మదిగా కొడుతున్నట్టుంది. ఇదే నొప్పితో ఎవరైనా విద్యార్థి ముందుకు పోతే ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి ఈడ్చుకొచ్చేది.

ఆమె ముందుకే పోయింది.

సగం దూరంలో చేతిలోని తాడు వదులైంది. తెగిన కొస తగిలింది. తెగింది కాదు, కోసింది. శుభ్రంగా, కత్తితో. అంటే వాడు ఆ దాకా వచ్చి, అక్కడ తాడు కోసి, మిగతాది చుట్టుకుంటూ ఇంకా లోపలికి వెళ్ళాడు. నేర్పినట్టే చేశాడు. ఆమె డాక్టరును అక్కడ రాయి పట్టుకుని ఆగమని చేత్తో తట్టి చెప్పి, నడుము తాడు వదులు చేసుకుంటూ పోస్టుబాక్సు వైపు ఒక్కతే వెళ్ళింది.

ముందు కనిపించింది నీలం రంగు.

నీళ్ళు ఊగుతున్నాయి, ముందుకీ వెనక్కీ, పెద్ద ఊపుతో. ఆ ఊపులో ఒక చెయ్యి పగులులోంచి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోతోంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. అప్పుడే ఎడమ చెవిలో ఏదో తెగింది. నొప్పి ఒక్కసారి మాయమై, చల్లని నీళ్ళు తలలోకి జొరబడినట్టయింది. మరుక్షణం సముద్రమంతా గిర్రున తిరిగింది. పైకేదో కిందికేదో తెలియలేదు. ఆమె కళ్ళు మూసుకుని ఆ చేతిని పట్టుకునే ఉండిపోయింది. పట్టుకోవడానికి అక్కడ ఇంకేమీ లేదు.

తిరగడం కాస్త నెమ్మదించాక కళ్ళు తెరిచి చూసింది. అడుగున చుట్టిన తాడు అల ఊపుకు విడిపోయి వాడి సిలిండరు మెడకు బిగుసుకుంది. ఆ తాడే వాణ్ణి పగులులోకి లాగింది. సిలిండరు రాయి సందులో ఇరుక్కుంది. నోట్లో గొట్టం లేదు. మాస్కు నుదుటి మీదికి జరిగి ఉంది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి.

ఆమె కత్తి తీసి ఒక చుట్టు కోసింది. రెండోది కోస్తుండగా ఊపు వచ్చి ఆమెను బండకేసి కొట్టింది. మళ్ళీ తల తిరిగింది. వాడి భుజాల పట్టీ విప్పబోయింది. వేళ్ళు ఎటు పెడితే ఎటో పోతున్నాయి. నడుము దగ్గర తాడు మూడుసార్లు లాగింది. ఆగి మళ్ళీ మూడుసార్లు. గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లును కళ్ళ దగ్గరికి తెచ్చి చూసుకుంది. ఎర్ర గీత దాటి ఉంది.

ఎన్నో ఏళ్ళుగా ఆమె ప్రతి తరగతిలోనూ చెప్పే మాట ఒకటి ఉంది: కింద ఎవరున్నా సరే, పైకి పోవడానికి నీ దగ్గర గాలి మిగలాలి. ఆ మాట చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. వాడి చెయ్యి వదలడానికి తన వేళ్ళను ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది.

ఒడ్డు చేరేసరికి గాలి లేచింది. మెట్ల మీద అలలు విరిగి పడుతున్నాయి. డాక్టరు కమ్మీ అందుకోబోతుంటే అల అతన్ని ఎత్తి దానికేసి బాదింది. మోచేయి విరిగిన చప్పుడు టీచరమ్మకు కుడి చెవిలో వినబడింది. భర్త నడుంలోతు నీళ్ళలోకి దూకి ఇద్దర్నీ పైకి ఈడ్చాడు. ఆమె మాస్కు తన చేత్తోనే లాగేశాడు.

"ఉన్నాడా?"

ఆమె అతన్ని చూసింది. ఎగిరెగిరి పడుతున్న ఛాతీ చూసింది. మెట్టు మీద ఇంకా పడి ఉన్న సిలిండరు చూసింది. డాక్టరు చెయ్యి పట్టుకుని ముడుచుకుని కూర్చుని కూడా ఆమె జవాబు కోసమే తలెత్తి ఉన్నాడు. ఉన్నాడంటే ఇద్దరూ దిగుతారు. ఎవరు పట్టుకున్నా ఆగరు.

"లేడు," అంది.

"పోస్టుబాక్సు దగ్గర చూశావా?"

"చూశాను. లేడు."

భర్త నీళ్ళలోనే కూలబడ్డాడు. కానీ పై మెట్టు మీద అత్తగారు మెల్లగా లేచి నిలబడింది. ఆవిడ ముఖంలోకి ఏదో వచ్చింది. టీచరమ్మ ఆ ముఖాన్ని చూసి, తానేం చేసిందో అప్పుడు తెలుసుకుంది.

"లేడంటే," అంది అత్తగారు, "ఎటో బయటపడ్డాడన్నమాట."

తుఫాను రెండు రోజులు కొట్టింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. కిటికీలకు పలకలు కొట్టుకుని ముగ్గురూ కొట్టు వెనక గదిలోనే ఉన్నారు. టీచరమ్మ చెవిలో దూది పెట్టుకుని గోడకు తల ఆనించుకుని కూర్చుంది. తల కదిపితే గది కదిలేది.

అత్తగారు ఊరుకోలేదు. ఆవిడ ఆలోచన ఆవిడకు నిమిషనిమిషానికీ గట్టిపడుతూ వచ్చింది. నీటి వాలు ఉత్తరానికి ఉంది కదా, వాడు ఆ వాలున కొట్టుకుపోయి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము అవతల తేలి ఉంటాడు. అక్కడ జాలర్ల పాకలున్నాయి. ఎవరో చేరదీసి ఉంటారు. ఫోన్లు పనిచెయ్యకపోతే వాడు మాత్రం ఎలా కబురు చేస్తాడు?

"వాడికి అసలే నంబర్లు గుర్తుండవు," అంది కొడుకుతో. "నీ నంబరైనా నోటికొచ్చునంటావా?"

"నాది వచ్చమ్మా," అన్నాడు పెద్దకొడుకు. అతను కూడా కొంచెం నమ్మడం మొదలుపెట్టాడు. తుఫాను తగ్గగానే మోటారుసైకిలు మీద కొండకొమ్ము దాకా వెళతానన్నాడు. ఆ మాటతో అతని ఊపిరి కాస్త తేలికపడింది.

టీచరమ్మ వింటూ కూర్చుంది. ఒక చెవితో విన్నా రెండు చెవులతో విన్నా అదే మాట. తుఫాను తగ్గగానే చెబుదామనుకుంది. అప్పటిదాకా ఓర్చుకుంటే చాలనుకుంది. తాను ఓర్చుకోవడం గురించే ఆలోచించింది గానీ, ఈలోగా ఆ ఇద్దరి ఆశ ఎంత పెరుగుతుందో ఆలోచించలేదు.

రెండో రోజు మధ్యాహ్నం వాన కొంచెం తెరిపి ఇచ్చింది. అత్తగారు ఒక సంచి తెచ్చి అందులో పొట్టోడి పొడి బట్టలు సర్దుతోంది. చొక్కా, ప్యాంటు, తువ్వాలు, దువ్వెన. కొడుకు వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళడానికి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి, మూలనున్న చెప్పులు తెచ్చి, గుడ్డతో తుడిచి, సంచిలో అడుగున పెట్టింది.

"పాపం, ఉత్త కాళ్ళతో ఉంటాడు," అంది.

టీచరమ్మ గోడ పట్టుకుని లేచింది. గది ఊగింది. అత్తగారి ముందు కింద కూర్చుంది.

"అత్తయ్యా, వాడు అక్కడే ఉన్నాడు."

"ఎక్కడ?"

"కింద. నేను చూశాను. పోస్టుబాక్సులో ఇరుక్కుని ఉన్నాడు. ప్రాణం లేదు. నేను వెళ్ళేసరికే లేదు. తీద్దామని చూశాను, నావల్ల కాలేదు."

అత్తగారు సంచిలోంచి చెయ్యి తియ్యలేదు.

"వాడేనా?" అంది చివరికి. "మసగ్గా ఉందన్నారుగా."

"మీరు వేసిన నీలం అతుకు."

ఆవిడ తల ఊపింది. కుట్టుపనివాళ్ళ అలవాటు కాబోలు, "ఊడలేదా?" అని అడిగింది.

"ఊడలేదత్తయ్యా."

"ముఖం చూశావా?"

"చూశాను."

"ఎలా ఉన్నాడు?"

టీచరమ్మకు ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టున్నాడని అందామనుకుంది. కానీ ఇక అబద్ధం చెప్పే ఓపిక ఆమెలో లేదు.

"కళ్ళు సగం తెరిచి ఉన్నాయి."

అత్తగారి ముఖం అప్పుడు కరిగింది.

"వాడు పడుకునేదే అలాగ," అంది. "పురిట్లో ఉన్నప్పటినుంచీ అంతే. సగం కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. మెలకువగా ఉన్నాడనుకుని ఎన్నిసార్లు ఎత్తుకున్నానో."

ఇక ఆవిడ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాలేదు. టీచరమ్మ పట్టుకోబోతే చేతులు తోసేసింది, మళ్ళీ ఆ చేతులే పట్టుకుంది. "రెండు రోజులు ఎలా చూస్తూ ఊరుకున్నావే? నేను బట్టలు సర్దుతుంటే ఎలా ఊరుకున్నావే?" అని అదే మాట అడుగుతూ ఆమె ఒళ్ళోనే పడి ఏడ్చింది.

భర్త గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"నాకు చెప్పాల్సింది," అన్నాడు.

"చెబితే మీరు దిగేవారు."

"దిగేవాణ్ణే. వాడు నా తమ్ముడు. దిగాలో వద్దో నేను చూసుకునేవాణ్ణి."

"మిమ్మల్ని కూడా పోగొట్టుకుని నేనేం చెయ్యను?"

"అదే," అన్నాడతను. "నువ్వేం పోగొట్టుకుంటావో చూసుకున్నావు."

కోపంగా అని ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. అతను అలిసిపోయినట్టు అన్నాడు. అందులో అబద్ధం లేదు. అతను చనిపోకూడదనుకుంది, అంతే. దానికి అతని అనుమతి అడగలేదు.

తుఫాను దాటాక మాట ప్రకారం గజ ఈతగాళ్ళు వచ్చారు. పళ్ళ డాక్టరు చేతికి కట్టుతో మెట్ల మీద నిలబడి దారి చెప్పాడు. టీచరమ్మకు నీళ్ళలోకి దిగే వీల్లేదు. వాళ్ళు పైకొచ్చి, ఆ బండ నడుందాకా ఇసుకలో కూరుకుపోయిందనీ, పగులే కనిపించడం లేదనీ చెప్పారు. వారంపాటు తవ్వారు. చేత్తో తోడిన ఇసుక మర్నాటికి మళ్ళీ నిండేది. తాడు ముక్కలు దొరికాయి. ఒక ఎర్ర డబ్బా దొరికింది. వాడు దొరకలేదు. తుఫాను బయటికి లాక్కుపోయిందో, ఆ ఇసుక కిందే ఉన్నాడో చెప్పగలిగినవాళ్ళు లేరు.

డాక్టరు ఆమెను ఏమీ అనలేదు. ఒకనాడు మాత్రం, కట్టు విప్పించుకున్నాక కొట్టుకు వచ్చి, "నేను తాడు లాగకుండా ఉంటే ఇంకాసేపు ఉండేవారా మీరు?" అని అడిగాడు.

"ఉండేదాన్ని."

"అందుకే లాగాను," అన్నాడు.

ఆమె ఎడమ చెవి సగం పోయింది. ఇక జన్మలో నీటి కిందికి దిగొద్దన్నారు. చెవి సంగతి అలా ఉంచితే, పోని ఆలోచన ఒకటి మిగిలిపోయింది. తల తిరగకుండా ఉంటే ఆ రెండో చుట్టు కోసేదాన్నేనా? జలుబుతో నేను కాకుండా డాక్టరు ముందు వెళ్ళి ఉంటే? అడగడానికి ఎవరూ లేని ప్రశ్నలు. గిన్నెలు కడుగుతుంటే వచ్చేవి, దుప్పటి మడతపెడుతుంటే వచ్చేవి.

భర్త ఆ సంవత్సరమే ఇంకో ఊళ్ళో ఓడల మరమ్మతు షెడ్డులో పనికి కుదిరాడు. గొడవేమీ జరగలేదు. విడిపోయామని ఎవరూ అనలేదు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. వచ్చి ముందు గదిలో చుట్టంలా కూర్చునేవాడు, మంచినీళ్ళు కూడా అడిగి తాగేవాడు. రాత్రి పక్కన పడుకుంటే ఇద్దరికీ నిద్ర పట్టదని ఇద్దరికీ తెలిసేది. తర్వాత రాకలు తగ్గాయి. తల్లిని తనతో వచ్చెయ్యమన్నాడు. ఆవిడ వెళ్ళలేదు.

"వాణ్ణి ఆఖరున చూసిన మనిషి ఇక్కడుంది," అందట కొడుకుతో. "దీన్ని వదిలేసి ఎక్కడికి రాను?"

అత్తగారు కోడల్ని క్షమించిందా అంటే, ఆ మాట వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. కొన్ని రోజులు ఆవిడ ఆమె ముఖం చూసేది కాదు. కొన్ని రోజులు మిషను ఆపి, "చెప్పు," అనేది. టీచరమ్మ మొదటినుంచీ చెప్పేది. ఎంత మసగ్గా ఉంది, ముందేం కనిపించింది, చెయ్యి ఎలా ఉంది. కలిపేది లేదు, తగ్గించేది లేదు. వింటున్నంతసేపూ ఆవిడ బట్ట మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ ఉండేది.

మరుసటి ఏడు ఎండాకాలం, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉన్న ఒక పొద్దున, ఆవిడ కొట్లోకి వచ్చి గోడకు వేలాడుతున్న మాస్కుల్లో ఒకటి తీసి పట్టుకుంది.

"ఇది పెట్టుకుని చూస్తే కింద కనిపిస్తుందా?"

"మెట్ల దగ్గరైతే అడుగు దాకా కనిపిస్తుంది అత్తయ్యా. అంతకు మించి కనిపించదు."

"చాల్లే."

ఇద్దరూ రోడ్డు దాటారు. అత్తగారు చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కోడలి భుజం పట్టుకుని నాలుగో మెట్టు దాకా దిగింది. టీచరమ్మ ఆవిడ జుట్టు సవరించి, మాస్కు పెట్టి, పట్టీ బిగించింది. ఊపిరి బిగబట్టి ముఖం నీళ్ళలో ఎలా పెట్టాలో చెప్పింది. చిన్న పిల్లలకు చెప్పినట్టు, గద్దించకుండా.

ఆవిడ ముఖం పెట్టింది. తెల్లని జుట్టు నీళ్ళమీద విడిపోయింది. టీచరమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆవిడ ఊపిరి అందక లేచి, దగ్గి, "మాస్కులోకి నీళ్ళొస్తున్నాయే," అంది.

టీచరమ్మ పట్టీ ఇంకొంచెం బిగించింది. ఆవిడ మళ్ళీ వంగింది. మళ్ళీ లేచింది. మాస్కులో మళ్ళీ నీళ్ళు. ఈసారి టీచరమ్మ పట్టీ ముట్టుకోలేదు. మాస్కు తీసి, కడిగి, తిరిగి ఆవిడ ముఖానికి పెట్టింది.

"ఏమైనా కనిపించిందా అత్తయ్యా?"

"ఇసుక. చిన్న చిన్న చేపలు." ఆవిడ కమ్మీ వదిలి రెండు చేతులతోనూ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇంకో మెట్టు దింపు."